చాంబర్‌లో సరిపోయిన తూటా

2022 చలికాలం. అబుదాబిలో, బనియాస్ దాటాక ఎడారి వైపు ఉన్న ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్‌లో నేను స్టోర్‌కీపర్‌ని. తుపాకులూ తూటాలూ నా తాళం కింద ఉండేవి. ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రమాదానికి ఏసుబాబు అజాగ్రత్తే కారణమని రిపోర్టులో ఉంది. అది అబద్ధం. దాని కింద సాక్షిగా నా సంతకం ఉంది.

ఏసుబాబుది పాలకొల్లు. ఆర్మీలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా రిటైరై మా క్లబ్‌కు వచ్చాడు. ఫైరింగ్ లైన్ దగ్గర తుపాకులు నింపి అతిథుల చేతికివ్వడం అతని పని. నాది జగిత్యాల. ఒకరి యాసను ఒకరం వెక్కిరించుకుంటూ ఐదేళ్లు ఒకే గదిలో ఉన్నాం.

మా యజమానికి పాతకాలపు రివాల్వర్లంటే ఇష్టం. వాటిలో క్యాప్ అండ్ బాల్ అనే రకం ఉంది. దాని సిలిండర్‌లో ఆరు అరలుంటాయి, వాటినే చాంబర్లు అంటాం. ఒక్కో చాంబర్‌లో నల్ల తుపాకిమందు పోసి, సీసపు గుండు దిగ్గొట్టి, వెనక చిన్న క్యాప్ తొడగాలి. అంత ఓపిక అతిథులకు ఉండదు. అందుకని సిలిండర్ తీసేసి, ఇత్తడి తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ వేస్తారు. అయితే మారేది సిలిండర్ ఒక్కటే. ఫ్రేము, బారెల్ ఆ పాత తుపాకిమందు ఒత్తిడికి తగ్గట్టు చేసినవే. కాబట్టి మెత్తటి సీసపు బుల్లెట్, తక్కువ మందు ఉన్న లో ప్రెషర్ తూటాలే వాడాలి. ఆ తూటాల సైజును ఫార్టీఫైవ్ అంటాం. అదే సైజులో, ఇప్పటి గట్టి రివాల్వర్ల కోసం చేసిన హెవీ లోడ్ తూటాలూ ఉంటాయి. అవీ ఆ చాంబర్‌లో చక్కగా కూర్చుంటాయి. పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి మాత్రం చాలా ఎక్కువ. ఆ హెచ్చరిక డబ్బా మీది లేబుల్‌లో ఉంటుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అతిథుల ముందు అట్టడబ్బాలు కనిపించకూడదని మేనేజరు, అంటే మా ముదీర్, నియమం పెట్టాడు. తూటాలను డబ్బాలోంచి తీసి, రంధ్రాలున్న చెక్కపలకలో నిలబెట్టి లైనుకు పంపేవాణ్ణి. ఏ తుపాకీకి ఏ తూటా అన్నది స్టోర్‌లో నేనే తేల్చేవాణ్ణి. లైను మీదివాడికి లేబుల్ కనిపించేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం యజమాని అతిథులు వచ్చారు. ముదీర్ ఫోన్ చేశాడు.

"పాత రివాల్వర్ చూడాలంటున్నారు. యల్లా, జల్దీ భేజో."

లో ప్రెషర్ తూటాల డబ్బా తెరిచాను. ఖాళీ. అయిపోవస్తున్నాయని నాకు ముందే తెలుసు. కొత్తవి కావాలంటే పర్మిట్ కోసం నెలల ముందే కాగితం పెట్టాలి. నేను మరిచిపోయాను. ఆ మాట ముదీర్‌తో చెప్పుకోలేక పక్క షెల్ఫ్‌లోని హెవీ లోడ్ డబ్బా అందుకున్నాను. వాటి బుల్లెట్లూ సీసం రంగువే. ఒకటి చాంబర్‌లో పెట్టి చూశాను, సరిపోయింది. ఆరు రౌండ్లకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏసుబాబు కిటికీ దగ్గర పలక తీసుకుని, ఒక తూటా అరచేతిలో ఎగరేశాడు.

"ఏవండీ జగిత్యాల దొరగారూ, ఇవి కాస్త బరువుగా ఉన్నాయేంటండీ? మనం రోజూ వాడేవేనా?"

"గవ్వే. కొత్త డబ్బా."

"ఆ డబ్బా ఓసారి చూపించండి, పుణ్యముంటుంది."

"నువ్వేమన్న పోలీసోనివా, తనిఖీ జేస్తున్నవ్? ఫార్టీఫైవే గదా. పెట్టి సూడు, పడ్తది. ముదీర్ ఆడ మొత్తుకుంటున్నడు."

అతను నవ్వాడు. "సరేనండీ. మీరు చెప్పాక ఇంకేముంది."

అతిథికి ఇచ్చే ముందు లైను మీదివాడు ఒక రౌండు తానే పేల్చి చూడాలి. ఏసుబాబు పేల్చాడు. ఆ శబ్దం వినగానే తేడా తెలిసింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి సిలిండర్ పై సగం లేదు. ఫ్రేము పైకి వంగిపోయింది. అతని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. కళ్లద్దాల పక్క నుంచి దూరిన ఇనుపముక్క కుడికన్ను తీసుకుపోయింది. లైను వెనక గుండు దూరని అద్దం అవతల నిలబడ్డ అతిథులకు ఏమీ కాలేదు.

అతను ఆసుపత్రిలో స్పృహలేకుండా ఉండగానే ముదీర్ నన్ను పిలిచాడు.

"తూటాలు ఎవరు ఎంచారు?"

"ఏసుబాబే. ఫార్టీఫైవ్ హెవీ లోడ్ అడిగాడు, ఇచ్చాను" అన్నాను.

అతను అలా అడగలేదు. అడిగింది డబ్బా చూపించమని. ఆ మాట మింగేశాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప వేరే కారణం లేదు. తప్పు అతనిదేనని తేలడంతో పరిహారం రాలేదు. కట్లు విప్పకముందే ఎడమచేతి వేలిముద్ర వేయించుకుని వీసా రద్దు చేశారు. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను.

నిరుడు అతను ఫోన్ చేశాడు. గన్‌మెన్‌కు ఆయుధాల సంరక్షణ నేర్పే ఒక సంస్థలో ఉద్యోగం దొరికేలా ఉందట. పాత పనిచోటు నుంచి రిపోర్టు తెప్పించుకుని వాళ్లు వద్దన్నారట.

"పాతికేళ్లు తుపాకులు ముట్టుకున్నానండీ, ఒక్క స్క్రూ పారేసుకోలేదు. మీకు తెలుసు కదండీ. మీరైనా ఓ ముక్క రాసివ్వండి."

జరిగిందంతా రాసి, సంతకం పెట్టి యజమానికి ఇచ్చాను. వారం తిరక్కముందే "ఖలాస్" అని ముదీర్ తాళాలు తీసుకున్నాడు. రిపోర్టు సరిదిద్దారు. ఆ ఉద్యోగంలో అప్పటికే వేరొకరు చేరిపోయారు. నేనిప్పుడు షార్జా రోలాలో ఒక హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తున్నాను. నేను రాసిచ్చినదాని నకలు ఏసుబాబుకు పంపి ఫోన్ చేశాను.

"నేను డబ్బా చూపించమన్నానని రాశారాండీ ఇందులో?"

"రాసిన. రెండో పేజీల ఉంది."

"మా ఆవిడకి చదివి వినిపిస్తాను. చూసుకోకుండా పేల్చేశాడని ఊరంతా అంటుంటే, ఆవిడ నమ్మిందో లేదో అడగడానికి ఇన్నాళ్లూ నాకు ధైర్యం లేదండీ."

క్షమించమని నేను అనేలోపు ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

షూటింగ్ క్లబ్బుల్లో పనికి చేరే కుర్రాళ్లు కన్వర్షన్ రివాల్వర్‌కు ఏ తూటా ఎంచాలని ఇప్పటికీ ఫోన్ చేసి నన్ను అడుగుతారు. లో ప్రెషర్, మెత్తటి సీసం, అవి లేకపోతే ఆ రోజుకు తుపాకీ బయటికి తీయొద్దని చెబుతాను. ఇంకోటి కూడా చెబుతాను. లైను మీద ఉన్న మనిషి తూటా బరువుగా ఉందన్నాడంటే, యజమాని నిలబడి ఉన్నా సరే, అక్కడితో పని ఆపేయాలి. పేలేది అతని చేతిలో.