ముందు నిలువు, తర్వాత అడ్డం

మొన్న ఎల్బీ నగర్ పోస్టాఫీసులో రిజిస్టర్డ్ ఉత్తరం పంపడానికి వరుసలో నిలబడ్డాను. కౌంటర్ వెనక అమ్మాయి స్టాంపు ప్యాడ్ మూత తీసింది. ఆ ఊదారంగు సిరా వాసన తగిలిందో లేదో, నా అరచేతులకు చెమటలు పట్టాయి. పాముకు భయపడేవాళ్ళుంటారు, బల్లికి భయపడేవాళ్ళుంటారు, సిరాకు భయమేమిటే తల్లీ అని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వితే నవ్వనీ! వాళ్ళు యాదగిరి సార్‌ను చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో నాతో లేరు.

యాదగిరి సార్ నేను టీచరుగా చేరిన మొదటి బడిలో ప్రధానోపాధ్యాయుడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మందుల దుకాణం పెట్టుకున్నాడు, నేను అక్కడే పుట్టాను. ఎల్బీ నగర్‌లో ఒకే బస్సెక్కి, సాగర్ రోడ్డు మీద గంటసేపు ప్రయాణం చేసి ఇద్దరం ఆ పల్లెటూరి బడికి చేరేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. సార్ సమ్మె చేసినవాడు, రోడ్డు మీద బైఠాయించినవాడు. నేనేమో స్టాఫ్‌రూమ్‌లో అడుగుపెడితే చాలు, మాటలు ఆగిపోయేవి. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఏదైనా అంటే కాస్త నయంగా ఉండేదేమో, అనకపోతేనే భయమేసేది. ఒకరోజు ఉండబట్టలేక సార్‌నే అడిగేశాను. "రాష్ట్రం వస్తే నన్ను వెళ్ళగొట్టేస్తారా సార్?" ఆయన హాజరు పట్టీలోంచి తలెత్తాడు. "నిన్నెవడు ఎల్లగొడ్తడు బిడ్డా? ముందుగాల ఆరో తరగతి లెక్కల పేపర్లు దిద్దినవా లేదా, గది చెప్పు." దిద్దలేదు. తల దించుకుని తరగతికి వెళ్ళిపోయాను.

ఆ మధ్యలోనే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక చిన్న ఊళ్ళో సర్పంచ్ ఎన్నిక జరిపించే పని సార్‌కు పడింది. పోలింగు, లెక్కింపు రెండూ ఆయన చేతి మీదే. ఓటర్లకు బ్యాలెట్ కాగితాలు అందించే పని నాది. బస్సులో సార్ నాకొక పాత వార్తాపత్రిక ఇచ్చి మడతలు నేర్పాడు. కాగితం మీద గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ముందు అడ్డంగా మడిస్తే పై గుర్తు మీద వేసిన తడి ముద్ర కింది గుర్తు మీద కూడా అచ్చు పడుతుంది. అందుకని ప్రతి కాగితాన్నీ నేనే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఒకసారి మడిచి, విప్పి ఇవ్వాలి. ఆ గాడి వెంటే ఓటరు మడుస్తాడు. "మర్చిపోతే ఏమవుతుంది సార్?" అన్నాను. "ఏమైతది? ఊరు కొట్టుకుంటది. గంతే," అన్నాడు. దిగేలోపు పత్రికంతా మడతలు పెట్టేశాను.

పోటీలో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరిది ఉంగరం గుర్తు, ఆ కింద రెండో ఆవిడది కత్తెర. పొద్దున పోలింగ్ నెమ్మదిగానే సాగింది. పది గంటలకు ఎల్బీ నగర్ నుంచి వ్యాన్లు దిగాయి. ఊరొదిలి అక్కడ మేస్త్రీలుగా, డ్రైవర్లుగా బతుకుతున్నవాళ్ళంతా ఓటు కోసం సొంతూరు వచ్చారు. వరుస బడి గేటు దాటింది. ఒంటిగంటకు గేటు మూసేస్తారు. కత్తెర తరఫు ఏజెంటు మల్లేశ్, అతనూ ఎల్బీ నగర్‌లో ఆటో నడిపేవాడే, నా బల్ల మీదికి వంగాడు. "మేడమ్, జర జల్ది ఇయ్యుండ్రి. గిట్ల మడతలు పెట్టుకుంట కూసుంటే మావోళ్ళ ఓట్లు లైన్ల్నే పోతయ్." వరుసలోంచి ఇంకో గొంతు, "ఆంధ్ర మేడమ్ గద, కావాలనే లేట్ చేస్తున్నది." అంతే, నా వేళ్ళు నా మాట వినలేదు. మడవడం మానేసి చకచకా ఇచ్చేశాను. పదో, పదిహేనో, తెలియదు. నాలిక్కరుచుకుని మళ్ళీ మడవడం మొదలుపెట్టాను. సార్‌కు చెప్పాలనుకున్నాను. చెప్పకుండా తర్వాతి కాగితం అందుకున్నాను. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు.

లెక్కింపు దాదాపు మూడింటిదాకా నడిచింది. రెండు గుర్తులకూ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. అనుమానం వచ్చి పక్కన పెట్టిన కాగితం ఒక్కటే మిగిలింది. దాని మీద ఉంగరానికీ ముద్ర ఉంది, కత్తెరకూ ఉంది. రెండూ ఒకేలా ముదురు ఊదారంగులో ఉన్నాయి. ఉంగరం ఏజెంటు "గది తడికి పడ్డ అచ్చు, ఓటు మాదే" అన్నాడు. మల్లేశ్ బల్ల గుద్దాడు. "మడతపెట్టి ఇచ్చినంక అచ్చెట్ల పడ్తది? ఆడు రెండిటికీ గుద్దిండు. చెల్లది, తీసెయ్యిండ్రి!" బయట కిటికీ ఊచల నిండా ముఖాలు. నేను నోరు మూసుకుంటే చాలు. ఆ ఓటు చెల్లదు, ఓట్లు సమానం కనక చీటీ తీస్తారు, ఎవరో ఒకరు గెలుస్తారు, నేను క్షేమంగా దిల్‌సుఖ్‌నగర్ చేరతాను. సిగ్గుగా ఉంది కానీ నిజం చెబుతున్నాను, సరిగ్గా అదే అనుకున్నాను.

సార్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇది ఎవరిదో మనకు తెల్వది. గని ఎవరో ఒకలు పొద్దుగాల లేచి, బండెక్కి వచ్చి వేసిండ్రు," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టుగా. నేనిక ఆగలేకపోయాను. ఆయన చెవి దగ్గరికి వంగి, "సార్, కొన్ని మడవకుండా ఇచ్చేశానండి," అన్నాను. "నా చెవుల చెప్తే నాకొక్కనికే ఇనబడ్తది. ఆళ్ళకు చెప్పు."

చెప్పాను. గదంతా గోలైపోయింది. "చూసిండ్రా! కావాలనే చేసింది!" అన్నారెవరో. అప్పుడు సార్ లేచాడు. "ఆమె ఒక్కతే కాదు. పదింటికి నేను గూడ చూసిన. లైన్ చూసి, మీ లొల్లికి జడిసి ఊకున్న. తప్పు నాది గూడ. ఇగ నన్నేమంటరో అనుండ్రి." గోల సద్దుమణిగింది. తెల్లకాగితం మీద స్వస్తిక్ ఆకారంలో ఉండే ఓటు ముద్ర గుద్ది, అడ్డంగా మడిచి విప్పాడు. అచ్చు పడిన ముద్రలో చేతులన్నీ ఎదురు దిక్కుకు తిరిగాయి. "ఏది సీదా ఉన్నదో అది ఓటు. ఏది ఉల్టా ఉన్నదో అది అచ్చు. మల్లేశ్, నువ్వే చూడు." మల్లేశ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఉంగరమే సీదా ఉన్నది," అన్నాడు చివరికి, కండువాతో ముఖం తుడుచుకుంటూ. ఒక్క ఓటుతో ఉంగరం గెలిచింది.

నెల తిరక్కుండా సంజాయిషీ అడుగుతూ పైనుంచి నోటీసొచ్చింది. సార్ పేరు మీదే వచ్చింది, నా పేరు లేదు. అప్పటికి ఆయన పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. పరుగున మీర్‌పేట్ వెళ్ళాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని జవాబు రాసుకుంటున్నాడు. "ఆనాటి రిపోర్టులో నా పేరెందుకు రాయలేదు సార్?" అంటూ ఏడ్చేశాను. "రాసిన. అమ్మాయి తన తప్పు తానే అందరి ముంగట చెప్పిందని రాసిన. నువ్వు చెప్పినంకనే నేను చెప్పిన బిడ్డా. ఎనక చెప్పినోడు కాగితం మీదన్న ముందుండాలె గద. ఊకె ఏడ్వకు, చాయ్ తాగు."

సార్ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఎన్నికల పనికి వెళితే ఆయన కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నేను ముందు చెప్పానని ఆయన రాసిపెట్టాడు, నమ్మాడు కూడా. కానీ పదింటికి చెప్పాల్సింది మూడింటికి చెప్పాను. ఆ అయిదు గంటల సంగతి ఆయన ఏ కాగితం మీదా రాయలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది.