కూత తెగిన చోటు

ఇది ఇంతకుముందే రాయాల్సింది. రాయలేదంటే నాకు రాయడం రాదు కనుక. ఏడేళ్లప్పుడు బడికి కాకుండా మేకల వెంట పోయాను. తర్వాత పత్తి చేలు, కాన్పులు, కూలి. యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎక్కడ అడిగితే అక్కడ వేలిముద్ర వేశాను. కరోనాతో బళ్లు మూసినప్పుడు నా బిడ్డ కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, పొద్దుపోక నాకు అక్షరాలు నేర్పింది. పలక లేక వాకిట్లో ముగ్గుపిండితోనే మొదలుపెట్టింది.

దాని తల్లి భూపాలపల్లిలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పిల్ల దంతాలపల్లి దగ్గర మా ఊళ్లో, నా దగ్గరే పెరిగింది. దానికి కబడ్డీ పిచ్చి. గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూ మా గడప నుంచి బోరింగు దాకా పోయి, దాన్ని ముట్టి, మళ్లీ గడప దాకా వచ్చేది.

పక్కింటామె గోడ మీంచి అరిచేది. "వదినె, నీ మనమరాలి కూతకు మా కోళ్లు గుడ్లు పెట్టుడు బంద్ చేసినయ్!"

"నీ నోరు విని అవి ఎన్నడో బంద్ చేసినయ్ తియ్!" అనేదాన్ని.

కరోనా రెండోసారి ఊళ్లను చుట్టినప్పుడు మా ఇంటికీ వచ్చింది. పిల్లకు వారం రోజులు జ్వరం. దాని పక్కటెముకలు ఎగిసి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. జ్వరం తగ్గాక కూడా నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత అదీ పోయిందనే అనుకున్నాం.

బళ్లు తెరిచిన నెలకు ఒక సాయంత్రం కాగితం తెచ్చింది. ఆటలు మళ్లీ మొదలుపెడుతున్నారట, జిల్లా జట్టుకు పిల్లలను ఎంచుతారట. పెద్దవాళ్ల సంతకం కావాలి.

"అమ్మమ్మా, ఈడ సంతకం పెట్టు. జల్ది."

"ఆగు, జర సదవనియ్యి."

"గంత సదువుడేందే? పంతులమ్మవా?"

వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. ఆటలో పిల్లకు ఏమైనా అయితే పూచీ మాదేనని ఉంది. ఎన్ని కాగితాల మీద బొటనవేలు ఒత్తానో, ఒక్కటీ నన్ను ఇట్లా భయపెట్టలేదు. దాని పైన ఇంకో వరుస, పిల్లకు కరోనా వచ్చిందా అని. ఎదురుగా 'లేదు' అని రాసి ఉంది. ఆ చేతిరాత చూసే కదా నేను రాయడం నేర్చుకున్నది.

"గిదేంది బిడ్డా?"

తల దించుకుంది. "వచ్చిందని రాస్తే సారు డాక్టర్ చీటీ తెమ్మంటడు. అది తెచ్చేటాల్లకు టీం అయిపోతది."

"ఇప్పుడు ఆయాసం లేదా?"

"లేదు."

"అయితే కూత పెట్టు."

గడప నుంచి ఉరికింది. బోరింగు ముట్టి తిరిగింది. బట్టలుతికే బండ దగ్గర కూత తెగింది. బండ మీద చెయ్యి ఆనించి, "గొంతుల దుమ్ము పడ్డది" అంది. అప్పుడే వాన వెలిసింది. వాకిట్లో దుమ్మెక్కడిది?

ఇన్ని నెలలు ఆడక తెగిందా, లోపల ఏమైనా మిగిలి ఉండి తెగిందా? నాకు తెలిసే దారి లేదు. ఆట లేక పిల్ల ఫోను పట్టుకుని మంచం మీదే వాడిపోయింది. ఆటలని విన్నాకే తల దువ్వుకుని నవ్వింది. వద్దంటే ఆ నవ్వు పోతుంది. సరేనంటే అయిదారుగురు పిల్లలు దాని రొమ్ము మీద పడతారు. భూపాలపల్లిలో ఉన్న నా బిడ్డకు ఫోన్ చేశాను.

"నాకేం సమజైతలేదవ్వా. వద్దంటే అది ఏడుస్తది, పొమ్మంటే నాకు భయం. నువ్వే సూడు" అంది.

పిల్ల అన్నం ముట్టలేదు. "నీకు సదువు నేర్పుడే నాది తప్పు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట నాకు బాగా తగిలింది.

తెల్లారి లేచి ముందు వాకిట్లో అడుగులు కొలిచాను. తర్వాత కాగితం తీసి 'లేదు' మీద గీత కొట్టి, పక్కన 'వచ్చింది' అని రాశాను. చిన్నగా రాద్దామన్నా నా అక్షరాలు మూడు వరుసలు తిన్నాయి. సంతకం చోటు ఖాళీగా వదిలాను. పిల్లకు మూతిగుడ్డ కట్టించి మానుకోట బస్సెక్కించాను. దారి పొడుగునా కిటికీ వైపే చూసింది.

దవాఖానలో వరుస గేటు దాకా ఉంది. దాన్ని ముందు నిలబెట్టి, నేను వెనక నిలబడ్డాను. డాక్టర్ ముందు నోరు పెగలకపోతే చూపిద్దామని కాగితం వెనక రాసి పెట్టుకున్నది మళ్లీ చదువుకున్నాను: 'బోరింగు నుంచి గడపకు ఇరవై నాలుగు అడుగులు. పిల్ల తొమ్మిది దగ్గర ఆగింది.'