ముప్పై ఒకటో పొర

మా బావను పనిలోంచి తీసేసింది తప్పు రాసినందుకు కాదు, ఉన్నది ఉన్నట్టు రాసినందుకు.

విశ్వవిద్యాలయమూ ఒక సిమెంటు కంపెనీయూ కలిసి యంత్రంతో గదులు కట్టే పరిశోధన చేస్తున్నాయి. గొట్టం చివరి నుంచి కాంక్రీటు ముద్ద రెండు వేళ్ల మందాన జారుతుంది. గొట్టం తిరిగే కొద్దీ పొర మీద పొర పడి గోడ లేస్తుంది. కింది పొర పచ్చిగా ఉండగానే పై పొర పడాలి, లేకపోతే రెండూ అతుక్కోవు. పంపు నడిపేది మా బావ. ముద్ద బిగుస్తోందని, మీటర్లు చెప్పేలోపే పంపు మోత విని చెప్పేవాడు.

మొదటి గది అక్కడి వాచ్‌మన్ దంపతుల కోసం. గోడ నడుము ఎత్తుకు వచ్చేసరికి అతిథులు వచ్చారు. కంపెనీ మేనేజరు యంత్రం ఆపించి వాళ్లతో ఫోటోలు దిగాడు. బావ రిజిస్టరులో రాశాడు: "ముప్పై ఒకటో పొర తర్వాత పద్నాలుగు నిమిషాలు ఆగింది. ఫోటోల కోసం."

"తనిఖీ కోసం అని మార్చవయ్యా," అన్నాడు మేనేజరు.

"తనిఖీ ఎవరు చేశారు సార్? అందరూ నవ్వుతూ నిలబడ్డారు కదా."

మర్నాటి నుంచి రావద్దన్నారు.

నేనైతే దారిన పోయేవాళ్లందరికీ చెప్పి తిట్టిపోసేవాణ్ణి. బావ మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి, పరిశోధన చూసే ప్రొఫెసరు మేడం గది ముందు నిలబడ్డాడు. ఆ పొర దగ్గర గోడ కోసి పరీక్షించమని ఒకటే మాట.

అక్క తల పట్టుకుంది. "పోయింది నీ ఉద్యోగం. నువ్వు అడిగేది గోడ గురించి. ఆ గోడేమన్నా నీకు వేలు విడిచిన చుట్టమా?"

"నాకు ఇంకో పని దొరుకుతుందిలేవే. ఆ గోడ పక్కన మంచం వేసుకునేది ఆ వాచ్‌మన్ వాళ్లు."

నాలుగో రోజు మేడం ఒప్పుకుంది. ఆరు ముక్కలు కోయించి, విరిచే యంత్రంలో పెట్టించింది. ఐదు సరిగ్గా ఆ పొర మీదే, కత్తి పెట్టినట్టు విడిపోయాయి. ఆవిడ బావ రాసిన మాటను, ఫోటోల సంగతితో సహా, అక్షరం మార్చకుండా నివేదికలో ఎక్కించింది. బావను వెనక్కి పిలిపించింది. గోడ పడగొట్టి మళ్లీ మొదలుపెట్టారు.

మేనేజరు అక్కడే ఉన్నాడు. క్షమించమని ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కిందటి నెల బస్టాండులో కలిసినప్పుడు బావను అదే అడిగాను.

"నలుగురి ముందు నిలదీయాల్సింది బావా. నోరు కుట్టేసుకున్నావా?"

బావ వేళ్లకు అంటి ఎండిన సిమెంటు గీక్కుంటూ నవ్వాడు.

"నిన్న మళ్లీ అతిథులొచ్చార్రా బామ్మర్దీ. మేనేజరు నా దగ్గరికొచ్చి, కాస్త ఆపొచ్చా అని అడిగాడు. కుదరదన్నాను. వాళ్లకు కుర్చీలు వేయించాడు."