తాతయ్య టేకు చెక్క, బాబాయి కరెంటు గిటారు

మా చిన్నప్పుడు... నందిగామలో మా ఇంటి అటక మీద, ఆవకాయ జాడీల పక్కన, టేకు చెక్కలు ఉండేవి. తాతయ్య తన శవపేటిక కోసం జగ్గయ్యపేట నుంచి ఎడ్లబండి మీద తెప్పించుకున్నవి. మిషన్ బడిలో పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి, మా చర్చి సంఘానికి పెద్ద. "నేను పోయాక ఎవరూ పరుగులు పెట్టక్కర్లేదు" అనేవారు.

బెజవాడలో చదువుకునే సామ్యేలు బాబాయి ఒకసారి సెలవులకొస్తూ ఇంగ్లీషు పత్రికలోని కాగితం ఒకటి తెచ్చాడు. అందులో ఎవరో విదేశీ పాటగాడి బొమ్మ... అతని చుట్టూ అతని కరెంటు గిటార్లు. ఎర్రది, నల్లది, తేనె రంగుది. లోకమంతా వాటి కోసం వెర్రెత్తిపోతోందట!

కొనడం మా వల్ల అయ్యే పని కాదు. బాబాయి ఎవరికీ చెప్పకుండా అటక మీది చెక్క ఒకటి దించి, వడ్రంగికి ఆ బొమ్మ చూపించి కోయించాడు. పాత టెలిఫోను రిసీవరులోని అయస్కాంతాన్ని దాని రాగితీగ చుట్టతో సహా తీగల కింద బిగించి, వైరు మా రేడియోకి కలిపాడు. మొదటిసారి మీటగానే వచ్చిన మోతకి నానమ్మ చేతిలో చేట జారిపోయింది.

తాతయ్య వచ్చి చెక్కను వేలితో తడిమారు.

"ఇది నా పెట్టె చెక్క కదరా?"

"అవును నాన్నా... అడిగితే ఇవ్వవని..."

తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి బాబాయితో మాట్లాడటమే మానేశారు. ఆ వాద్యం మా చర్చి గుళ్ళోకి తేవద్దని సంఘంలో ఒక పెద్దాయన కబురు పంపాడు. బాబాయి గిటారుకి దుప్పటి చుట్టి మూలన పెట్టేశాడు.

కొన్నాళ్ళకి తాతయ్య మంచం పట్టారు. ఒక సాయంత్రం తనే పిలిచారు.

"సామ్యేలూ... దాని మీద కీర్తన పలుకుద్దా?"

బాబాయి రేడియో మంచం దగ్గరికి జరిపి వాయించాడు. తాతయ్య కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"నన్ను గోతిలో దించేటప్పుడు ఇదే వాయించు."

"అక్కడ కరెంటుండదు నాన్నా. కరెంటు లేకపోతే దీనికి గొంతుండదు."

"ఉన్నంత గొంతుతోనే వాయించరా. నేను దగ్గర్లోనే ఉంటాగా..."

బాబాయి గుమ్మం అవతలికి వెళ్ళి గోడకేసి తిరిగి ఏడ్చాడు.

ఆ వేసవిలోనే తాతయ్య పోయారు. తగ్గిన చెక్క బదులు పెట్టెకి ఒక పక్క వేపచెక్క వేశారు. రంగు తేడా అందరికీ కనబడుతూనే ఉంది.

పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక బాబాయి గోతి పక్క మట్టి మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. ముందున్న మాకే లీలగా వినబడింది. వెనక ఏడుస్తున్నవాళ్ళు వినడానికి ఏడుపు ఆపుకున్నారు. గుళ్ళోకి వద్దన్న ఆ పెద్దాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ దగ్గరికి జరిగారు. మోకులు వదులుతుంటే పెట్టె మెల్లగా కిందికి దిగింది. బాబాయి కీర్తన పూర్తిచేశాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా గుళ్ళో వాయించాడు బాబాయి. ఇప్పుడు ఆయనా లేడు.

ఇవాళ మా ఊళ్ళో ఎవరు పోయినా వీధంతా స్పీకర్లు కడుతున్నారు... పక్క మనిషి వెక్కిళ్ళు కూడా వినబడవు. మీ ఇంటి పెద్దలు పోయేముందు ఏ పాట అడిగారో, ఎవరు పాడారో... గుర్తుంటే చెప్పండి. వినాలనుంది.