మధ్యలో మాయమైన కదలిక

ఆవిడ కడియం దగ్గర వినికిడి లేని పిల్లల బడిలో టీచరు. సైగల భాష నేర్పడానికి మేం తయారుచేసిన యాప్‌ని అందరికంటే ముందు తరగతిలో వాడింది ఆవిడే. ఆ రోజు రాజమండ్రిలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ట్యాబ్ తీసి నా టేబుల్ మీద పెట్టారు.

"చూడమ్మా," అన్నారు.

తెరమీద మా బొమ్మ పాప 'ఆకలి' అని సైగ చేస్తోంది. చెయ్యి పైకి లేచింది. అక్కణ్ణుంచి మెల్లగా సాగాల్సిన కదలిక లేనే లేదు. మరుక్షణం చెయ్యి వేరే చోట ప్రత్యక్షమైంది.

"మా పిల్లలు అచ్చం ఇలాగే చేస్తున్నారు. చెయ్యి ఎత్తి ఆపేసి, ఠక్కున దించేస్తున్నారు. ఒకమ్మాయికి అమ్మానాన్నలు కూడా వినబడనివాళ్ళే. ఇంట్లో ఆకలని చెబితే వాళ్ళకే అర్థం కాలేదంట. నిన్న ఆ తండ్రి బడికొచ్చి నన్ను నిలదీశాడు. మా పిల్లకున్నది ఈ ఒక్క భాషేనండీ, దాన్ని కూడా పాడుచేస్తారా అని చేతులతో అడిగాడు. ఏం చెప్పమంటారు నన్ను?"

నా దగ్గర జవాబు ఉంది. అందుకే ఒళ్ళు మండిపోయింది.

బొమ్మల్ని కదిలించే కోడ్ అంతా మేమే రాసుకోం. ఎవరో రాసి నెట్‌లో అందరికోసం ఉచితంగా పెట్టిన కోడ్ తెచ్చుకుని వాడుకుంటాం. దాన్ని లైబ్రరీ అంటాం. మేం వాడే లైబ్రరీని రాసినాయన, ఇక దీన్ని చూసుకోవడం నావల్ల కాదు, వేరేది వెతుక్కోండి అని నెట్‌లో దాని పేజీలోనే రాసిపెట్టి చాలా కాలమైంది. అది చూసిన రోజే మా సార్‌కి చెప్పాను. "ఇప్పుడు బానే పనిచేస్తోంది కదండీ," అన్నారు. తర్వాత ఎప్పుడు ఎత్తినా అదే మాట. ఈలోగా ట్యాబుల్లో మా యాప్‌ని నడిపించే బ్రౌజర్ అప్‌డేట్ అయింది. ఆ పాత కోడ్ దేని మీద ఆధారపడి నడుస్తోందో అది పోయింది. దాంతో కదలికల నడిమి భాగం ఎగిరిపోయింది.

ఆ పేజీ కింద జనం అతన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. మా ఆఫీసులోనూ ఇద్దరు తిట్టారు. నాకు అతని మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఊరికే చేసిపెట్టాడు. వెళ్ళేటప్పుడు చెప్పి మరీ వెళ్ళాడు. వినాల్సినవాళ్ళం మేము.

టీచరు వెళ్ళిన కాసేపటికే, సంగతి తెలిసి సార్ తన కొత్త ఫోన్ పట్టుకుని వచ్చారు. ఇంకో లైబ్రరీ నమూనా చూపించారు. అందులో చేపలు ఈదుతున్నాయి, పూలు విచ్చుకుంటున్నాయి.

"అదిరింది కదండీ. ఇదే పెట్టేయండి."

దాని పేజీ తెరిచి చూశాను. "ఇది కూడా ఒక్కడి చేతిలోనే ఉంది సార్. పనిచెయ్యట్లేదని ఎంతమంది రాసినా నెలల తరబడి పలకట్లేదు. రేపు ఇతనూ వదిలేస్తే?"

"మీరు ప్రతిదానికీ భయపడతారండి."

"భయం కాదు సార్, కోపం," అన్నాను. ఆఫీసంతా తలలెత్తి చూసింది. సార్ తన గదిలోకి వెళ్ళిపోయారు.

నాకు నచ్చింది మరొకటి. చూడ్డానికి సాదాగా ఉంటుంది. కానీ చాలామంది కలిసి చూసుకుంటున్నారు, అడిగితే జవాబిస్తున్నారు. 'ఆకలి' సైగ ఒక్కటే రెండింటిలోనూ తయారుచేశాను. పొద్దున్నే ధవళేశ్వరంలో మా ఇంటి నుంచి స్కూటీ మీద, కడియం నర్సరీల మొక్కల లారీల వెనక దుమ్ము తింటూ, బడికి వెళ్ళాను. టీచరు ఆ తండ్రిని కూడా పిలిపించారు.

సార్ ఫోన్‌లో హాయిగా నడిచిన లైబ్రరీ బడిలోని పాత ట్యాబ్ మీద నత్తి పట్టినట్టు ఆగి ఆగి కదిలింది. ఆ తండ్రి అడ్డంగా తలూపాడు. రెండోదాన్ని మళ్ళీ మళ్ళీ చూసి, సరేనన్నట్టు తలాడించాడు. మొహంలో నవ్వు మాత్రం లేదు. నావైపు తిరిగి చేతులతో ఏదో అడిగాడు.

"దీన్నెప్పుడు వదిలేస్తారని అడుగుతున్నాడమ్మా," అన్నారు టీచరు.

తల కొట్టేసినట్టయింది. వదలకుండా చూసుకుంటామని చెప్పమన్నాను.

తిరిగొచ్చి నేరుగా సార్ గదిలోకి వెళ్ళాను. సాదా లైబ్రరీయే పెడతానన్నాను. వాడే కోడ్‌ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవడానికి ప్రతి నెలా సమయం ఇస్తేనే పని మొదలుపెడతానని కూడా అన్నాను.

"ఏంటండి, బెదిరిస్తున్నారా?"

"అవునండి."

"సరేలెండి, కానివ్వండి," అన్నారు.

సైగలన్నీ కొత్తగా చేశాం. టీచరు ఒక్కొక్కటీ చూసి సరేనన్నాకే పిల్లలకి ఇచ్చాం. యాప్ ఇప్పుడు బాగానే నడుస్తోంది. నెలనెలా నా సమయం నాకు ఇస్తున్నారు, అడిగించుకుని ఇస్తున్నారు.

కొన్నాళ్ళకి టీచరు ఫోన్ చేశారు. కొత్త సైగ నేర్పడం కంటే తప్పు సైగ మాన్పించడమే కష్టంగా ఉందమ్మా అన్నారు. ఆ మాట సార్‌కి చెప్పాను. ఆయన టీ తాగుతూ, "చిన్నపిల్లలు కదండీ, వాళ్ళే మర్చిపోతారు," అన్నారు.

ఇంకో మాట వినబుద్ధి కాలేదు. తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చేశాను.