రెండు పడవలు, ముప్పై మీటర్లు

అంతరిక్ష శాస్త్రం పేరు చెప్పి నాన్న కొత్త వలను సముద్రానికి అర్పించబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే. మొహం చూపించాలంటే సిగ్గు, అందుకే రాస్తున్నాను.

మా దీవిలో గోల్ ఘర్ లైబ్రరీ నుంచి అరువు తెచ్చుకున్న పుస్తకంలో చదివాను. రెండు వ్యోమనౌకలు ఒకే ఉపగ్రహాల సంకేతాలతో తామెక్కడున్నాయో తెలుసుకుంటాయట. ఆ అంకెల్లో తేడా తీస్తే వాటి మధ్య దూరం తెలిసిపోతుందట! మా ఇంట్లోనూ రెండు నౌకలున్నాయి: చేపలకెళ్లే నాన్న డింగీ, చిన్నాన్న డింగీ. చెరో జీపీఎస్ కూడా. ఇంకేం, డైరీ పట్టుకుని నాన్న పడవెక్కేశాను.

సముద్రం హార్బరులోకి వచ్చే మొగలో వలకి లంగరేసి, ఇంజన్లు ఆపి, పడవల్ని అలా నీటి మీద వదిలేసి అన్నం గిన్నెలు విప్పారు.

"ఆ ఎర్ర డబ్బా వల గుర్తు. దాన్నే సూస్తుండు. దూరమైపోతే చెప్పు. ఇది పోయిందంటే సీజనంతా ఒడ్డునే కూకోవాల," అని నాన్న ఎండకి తలగుడ్డ కళ్ల మీదికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.

డబ్బా చూడటం నాలాంటి శాస్త్రవేత్త పనా? చిన్నాన్న తన జీపీఎస్ అంకెలు అరిచేవాడు, నేను వాటికీ మా అంకెలకీ తీసివేతలు చేసేదాన్ని.

"ఏటమ్మా, కదిలేమా?"

"లేదు నాన్నా. ముప్పై మీటర్లే."

"మళ్లీ సూడు."

"మళ్లీ ముప్పయ్యే!"

"పిల్ల సదువుకుంది అన్నయ్యా, ఆరామ్‌గా తిను!" అన్నాడు చిన్నాన్న.

డైరీలో 'విజయం' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

అంతలో చెవులు చిల్లులు పడేలా హారన్. హార్బరు లోపల చాతం రేవు నుంచి అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ! జనమంతా కమ్మీలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. నేను సిగ్గుతో ఇంకాస్త తల వంచుకున్నాను.

"అరే భయ్యా, నావ్ హటావో! సో రహే హో క్యా?" పడవ తియ్యండి, నిద్రపోతున్నారా అని ఫెర్రీ వాళ్ల కేక.

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "చాతం ఇక్కడికెలాగొచ్చిందే?"

"మన మధ్య దూరం ఇంకా ముప్పయ్యే నాన్నా," అన్నాను సన్నగా.

"ఆడికీ మనకీ ముప్పై! మరి డబ్బాకో?"

అప్పుడు వెలిగింది. పోటు మా రెండు పడవల్నీ కవలపిల్లల్లా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. కలిసి కొట్టుకుపోయేవాళ్ల మధ్య దూరమెందుకు మారుతుంది?

నాన్న ఇంజను తిప్పి, ఒడ్డు మీది లైట్‌హౌసునీ దాని వెనకాల కొండనీ ఒక వరసలోకి తెచ్చుకుని, ఆ గుర్తుతో తిన్నగా ఎర్ర డబ్బా దగ్గరికే పోయాడు. వల భద్రం. నా పరువే దొరకలేదు.

"మీ ఆకాశం పడవలోళ్లు ఒడ్డు సూడరేటి?" అన్నాడు.

కాబట్టి ఈ డైరీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ లెక్కైనా తలెత్తి డబ్బా చూశాకే. తలెత్తడమంటే నాకు రాకెట్ ఎక్కినంత పని. అయినా ఎత్తుతాను.