ఎర్ర పెన్ను సారు

గద్వాలలో కురుమూర్తి సారును ఎర్ర పెన్ను లేకుండా చూసినవాళ్లు లేరు. పొద్దున లా కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థులకు పిటిషన్లు రాయడం నేర్పుతాడు. పదిన్నరకు నల్లకోటు తొడుక్కొని కోర్టుకు పోతాడు. పెన్ను రెండు చోట్లా జేబులోనే ఉంటుంది. విద్యార్థి కాగితం చేతికి రాగానే మూతను పళ్లతో లాగుతాడు. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన వాక్యం కనబడితే కాగితం చిరిగేలా కొట్టేస్తాడు. "పాత పిటిషన్ ముందల వెట్టుకొని రాస్తరేంది? ఎవరి దుఃఖం వాళ్లదే. ముందుగాల మనిషి చెప్పేది ఇనుండ్రి," అంటాడు. ఆ మాట ఆయన నోట నిజంగానే బాగుంటుంది.

మొన్న మానవపాడు ఊరి చిన్నమ్మ అనే ఆమె భరణం కేసు విచారణకు వచ్చింది. పిల్లలు పుట్టలేదని మొగుడు వెళ్లగొట్టిన మనిషి. సారే ఆమె వకీలు. కోర్టు చూద్దామని వచ్చిన ఆయన విద్యార్థిని యమున వెనక బెంచీలో కూర్చుంది. జడ్జి పిటిషన్ తిరగేసి, "ఇద్దరు చిన్నపిల్లలని రాశారు, వాళ్లెక్కడున్నారమ్మా?" అని అడిగారు. సారు ఆఫీసులో ఏ భరణం పిటిషనైనా పాతదాంట్లో పేర్లు మార్చి టైపు చేసేదే. ఈసారి ఎవరివో పిల్లలు అందులో మిగిలిపోయారు. ఎదురుగా నిలబడ్డ మొగుడు నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకేం తెల్వదయ్యా, సారే రాసిండు," అంది.

సారు టైపు తప్పని చెప్పి వాయిదా అడిగాడు. మూతను పళ్లతో లాగి, తన కాపీలో ఆ ఇద్దరు పిల్లలను కొట్టేశాడు.

మర్నాడు క్లాసులో, "ఎవరి దుఃఖం వాళ్లదే, రాసుకోండ్రి," అన్నాడు. యమున కూడా తలవంచుకొని రాసుకుంది. ఇంటర్నల్ మార్కులు సారే వేయాలి.